చేతికి తగిన కీబోర్డు

మణికట్టు నొప్పి, వేళ్ల తిమ్మిరి అంటే మన ప్రాంతంలో ఇదివరకు వేరుశనగ కాయలు ఒలిచిన వేళ్లు, కలుపు తీసిన చేతులు, ధర్మవరం మగ్గాల మీద రోజంతా ఆడిన చేతులు గుర్తుకు వచ్చేవి. ఇప్పుడు వాటితోపాటు మరో రకం చేతులు చేరాయి. అవి కంప్యూటర్ ముందు కూర్చునే మన పిల్లల చేతులు.

అనంతపురం సీమ పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. ఇక్కడ ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. చేను చేతికి రాని ఏడు ఇంటిల్లిపాదీ ఆశలు చదువుకున్న బిడ్డ మీదే పెట్టుకుంటారు. ఆ బిడ్డ బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగానికి వెళ్లవచ్చు. 2011లో మొదలైన మీసేవ కేంద్రాల వంటి చోట దరఖాస్తులు నింపుతూ ఉండవచ్చు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభమైనప్పుడు డిజిటల్ అసిస్టెంట్ అనే ఉద్యోగమే కొత్తగా వచ్చింది. ఇలాంటి ఇళ్లలో పది వేళ్లే పొలం, పది వేళ్లే పంట. వేళ్లకు జబ్బు చేస్తే జీతం ఆగుతుంది.

అందుకే ఈ మధ్య చాలామంది తల్లిదండ్రులు, ఉద్యోగస్తులు ఒక ప్రశ్న అడుగుతున్నారు. "వైర్ లేని మెకానికల్ కీబోర్డులు వచ్చాయట, మనకు కావలసినట్టు మార్చుకోవచ్చట. అది కొంటే చేతి నొప్పి తగ్గుతుందా? అంత డబ్బు పెట్టడం అవసరమా?"

దీనికి సూటిగా జవాబు చెప్పుకుందాం. ఏ కీబోర్డూ మందు కాదు. నరం నొక్కుకుపోయిన చేతిని కీబోర్డు బాగుచేయలేదు. అయితే చేతికి తగని కీబోర్డు బాధను పెంచుతుంది, తగిన కీబోర్డు శ్రమను తగ్గిస్తుంది. చెయ్యి కీబోర్డుకు సర్దుకోకూడదు, కీబోర్డే చేతికి సర్దుకోవాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో మీకే తెలుస్తుంది.

ముందు చేతిని చూడండి

అంగడికి వెళ్లేముందు మీ చెయ్యి ఏం చెబుతోందో వినండి.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం, రాత్రి నిద్రలో తిమ్మిరితో మెలకువ రావడం, చెయ్యి విదిలిస్తే కాస్త తగ్గడం - ఇవి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్న లక్షణాలు. దీన్ని కార్పల్ టన్నెల్ వ్యాధి అంటారు. ఇది ఆడవారిలో ఎక్కువ. గర్భిణులకు, షుగరు ఉన్నవారికి, థైరాయిడ్ తక్కువగా పనిచేసేవారికి వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి "అంతా టైపింగ్ వల్లే" అనుకుని ఊరుకోకండి. అసలు కారణం రక్తపరీక్షలో బయటపడవచ్చు.

చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కితే మోచేతి దగ్గర నరం ఒత్తిడికి గురవుతూ ఉండవచ్చు. మోచేతులను బల్ల అంచు మీద గంటల తరబడి ఆనించి కూర్చునేవారికి ఇలా జరుగుతుంది.

మరో మాట కూడా చెప్పాలి. చిటికెనవేలు బలహీనపడి వంకర తిరుగుతున్నా, ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ తెలియని మచ్చ ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించండి. అది కుష్ఠు కావచ్చు. 2005 డిసెంబరు నాటికి మన దేశంలో ప్రజారోగ్య సమస్యగా ఈ వ్యాధిని నిర్మూలించినట్టు ప్రకటించినా, కొత్త కేసులు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. 6 నుంచి 12 నెలలు వాడితే వ్యాధి నయమవుతుంది. ఆలస్యం చేస్తే మాత్రం పోయిన నరం బలం తిరిగి రావడం కష్టం.

వేళ్లలో పట్టు తగ్గి వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి కింది కండ సన్నబడినా, తిమ్మిరి రోజంతా ఉంటున్నా కీబోర్డు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆసుపత్రికి రండి.

పనిముట్టు మనిషికి తగినట్టు

పనిముట్టును చేతికి తగినట్టు మార్చుకోవడం మనకు కొత్త కాదు. కొడవలి పిడి పెద్దదైతే వడ్రంగి దగ్గర చెక్కించుకుంటాం. నేతగాడు మగ్గం గుంతను తన కాళ్ల పొడవుకు తగినట్టు తవ్వించుకుంటాడు. కంప్యూటర్ దగ్గర మాత్రం డబ్బాలో ఏది వస్తే దానికే చేతులను వంచుకుంటున్నాం.

మిషను ఆసుపత్రుల చరిత్రలో ఈ విషయానికి గొప్ప ఉదాహరణ ఉంది. డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి, కుష్ఠు వల్ల వంకర తిరిగిన చేతులకు స్నాయువులను మార్చి కుట్టే శస్త్రచికిత్స చేశారు. అయితే ఆయన చెప్పిన మరో సత్యం కూడా అంతే గొప్పది. రోగుల వేళ్లు కుళ్లి రాలిపోవు, నొప్పి తెలియక గాయపడి పాడవుతాయి అని ఆయన గమనించారు. చికిత్స తర్వాత వారికి వడ్రంగం వంటి పనులు నేర్పిస్తూ, ఏ పనిలో, ఏ పనిముట్టు వల్ల చేతికి దెబ్బ తగులుతోందో రోజూ పరిశీలించేవారు. 2003లో కన్నుమూసే వరకు నొప్పి మనకు హెచ్చరిక చేసే నేస్తమని చెబుతూనే ఉన్నారు.

టైపింగ్ చేసే చేతికీ ఇదే వర్తిస్తుంది. నొప్పి వచ్చిందంటే చెయ్యి మనతో మాట్లాడుతోందని అర్థం. మాత్ర వేసుకుని దాని నోరు మూయించి, అదే పనిని అదే తీరులో చేయడం మంచిది కాదు.

మెకానికల్ అంటే ఏమిటి?

మామూలు కీబోర్డులో అన్ని అక్షరాల కింద ఒకే రబ్బరు పొర ఉంటుంది. అక్షరం పడాలంటే కీని దాదాపు అడుగు వరకు నొక్కాలి. రబ్బరు పాతబడేకొద్దీ బిరుసెక్కుతుంది. మెకానికల్ కీబోర్డులో ప్రతి అక్షరానికీ విడిగా ఒక స్విచ్, అందులో ఒక స్ప్రింగు ఉంటాయి. స్విచ్ మొత్తం ప్రయాణం సుమారు 4 మిల్లీమీటర్లు అయితే సగం దూరం, అంటే 2 మిల్లీమీటర్లు వెళ్లగానే అక్షరం పడుతుంది. వేలు అడుగున కొట్టుకోవలసిన అవసరం లేదు. మెల్లగా నొక్కడం అలవాటు చేసుకుంటే వేలి కీళ్లకు తగిలే దెబ్బ తగ్గుతుంది.

ఈ కీబోర్డులు మనకు తెలియనివేమీ కావు. బ్యాంకుల్లో, టికెట్ కౌంటర్లలో, బిల్లింగ్ కౌంటర్లలో టకటకమని గట్టిగా మోగే నల్లటి కీబోర్డును మీరు చూసే ఉంటారు. టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ వారి గోల్డ్ కీబోర్డు అలాంటిదే. 2010లో రూపాయి గుర్తు ఆమోదం పొందాక, ఆ గుర్తుతో గోల్డ్ భారత్ అనే పేరుతో అది వచ్చింది. దానికి వైరు ఉంటుంది. ఏళ్ల తరబడి పనిచేస్తుందని దానికి మంచి పేరుంది.

స్విచ్‌లలో ముఖ్యంగా మూడు రకాలు. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980ల నుంచి తయారుచేస్తున్న స్విచ్‌ల రంగుల పేర్లనే ఇప్పుడు చాలా కంపెనీలు వాడుతున్నాయి.

ఎరుపు: నున్నగా దిగుతుంది, చప్పుడు తక్కువ. సుమారు 45 గ్రాముల బరువు చాలు. వేళ్లలో బలం తక్కువ ఉన్నవారికి, కీళ్ల నొప్పులవారికి ఇది నయం. అయితే చెయ్యి వణికేవారికి పొరపాటున అక్షరాలు పడవచ్చు.

గోధుమ: మధ్యలో చిన్న గుబ్బలా తగులుతుంది, అక్షరం పడిందని వేలికి తెలుస్తుంది. సుమారు 55 గ్రాములు. కొత్తగా టైపు నేర్చుకునేవారికి, చూపు తక్కువ ఉన్నవారికి అనుకూలం.

నీలం: గట్టిగా టక్కుమంటుంది. 50 నుంచి 60 గ్రాములు. ఒంటరిగా పనిచేసేవారికి పర్వాలేదు. ఆసుపత్రి వార్డులో, పసిబిడ్డ నిద్రపోయే గదిలో, నలుగురు కూర్చునే ఆఫీసులో వద్దు.

ఇంట్లోనే చేయగల చిన్న పరీక్ష ఒకటుంది. పది రూపాయల నాణెం బరువు దాదాపు 7.7 గ్రాములు. ఆరు నాణేలను దొంతరగా పేర్చి ఒక కీ మీద మెల్లగా పెట్టండి. వాటి బరువు సుమారు 46 గ్రాములు. కీ దిగితే అది తేలికైనది. ఎనిమిది నాణేలు పెట్టినా కదలకపోతే అది బరువైనది. నిమిషానికి 40 ఇంగ్లిషు మాటలు కొట్టేవారు నాలుగు గంటల్లో దాదాపు 48,000 సార్లు కీలు నొక్కుతారు. ఒక్కో నొక్కులో కొద్ది గ్రాముల తేడా కూడా సాయంత్రానికి వేళ్లకు తెలుస్తుంది.

ఎత్తు, వెడల్పు

మెకానికల్ కీబోర్డుల్లో ఒక లోపం ఉంది. చాలావరకు ఇవి ఎత్తుగా ఉంటాయి. మణికట్టు పైకి వంగి ఉంటే లోపలి నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి వెనుక ఉన్న చిన్న కాళ్లను మడిచే ఉంచండి. తక్కువ ఎత్తున్న రకం దొరికితే అది తీసుకోండి. లేదా అరచేతి కింద మెత్తటి దిండు వాడండి. దాని మీద అరచెయ్యి ఆనించవలసింది టైపు చేయని సమయంలో మాత్రమే, మణికట్టును దానికి నొక్కిపెట్టి కొట్టకూడదు. ముంజేయి, మణికట్టు, అరచెయ్యి ఒకే తిన్నని గీతలా ఉండాలి, భుజాలు వదులుగా ఉండాలి.

వెడల్పు విషయం మీ పనిని బట్టి ఉంటుంది. పెద్ద కీబోర్డులో 104 కీలు ఉంటాయి. కుడివైపు అంకెల భాగం తీసేసిన రకంలో 87 ఉంటాయి. చిన్నది వాడితే మౌస్ దగ్గరకు వస్తుంది, కుడి భుజం బయటకు చాచే శ్రమ తగ్గుతుంది. అయితే రోజంతా 12 అంకెల ఆధార్ నంబర్లు, 10 అంకెల ఫోన్ నంబర్లు కొట్టేవారికి అంకెల భాగం లేకపోతే చేతులకు పని పెరుగుతుంది. అలాంటివారు విడిగా దొరికే అంకెల కీప్యాడ్‌ను ఎడమవైపు పెట్టుకుంటే రెండు లాభాలూ దక్కుతాయి.

వైర్ లేకపోతే ఎవరికి మేలు?

వైర్‌లెస్ అనేది సోకు కోసం కాదు. కీబోర్డును ఒడిలోనో, మంచం మీద పలక మీదో, చక్రాల కుర్చీ చేతుల మీద అమర్చిన బల్ల మీదో పెట్టుకోవచ్చు. నడుము విరిగి మంచంలో ఉన్నవారు, పోలియో వచ్చినవారు కంప్యూటర్ ఉన్నచోటికి ఒంగనవసరం లేదు, కీబోర్డే వారి దగ్గరకు వస్తుంది. బ్లూటూత్ ఉన్నది ఫోనుకు కూడా కలుస్తుంది. కంప్యూటర్ లేని ఇంట్లో విద్యార్థి ఫోనుతోనే టైపు అభ్యాసం చేయవచ్చు. ఒడిలో పెట్టుకునేవారు లోహపు కీబోర్డు కొనకండి, అది కిలోకు పైగా బరువుంటుంది. ప్లాస్టిక్‌ది తేలిక.

బ్లూటూత్, చిన్న రిసీవర్, వైరు - ఈ మూడింటితోనూ పనిచేసేది ఎంచుకోండి. మన ఊళ్లలో కరెంటు పోతే చార్జింగ్ అయిపోయిన రోజున వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి పని చేసుకోవచ్చు. రంగురంగుల దీపాలు ఆర్పేస్తే బ్యాటరీ ఎన్నో రెట్లు ఎక్కువ రోజులు వస్తుంది. మన ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. కిటికీ ఎండలోనో, మూసిన కారులోనో కీబోర్డును వదిలేయకండి. లిథియం బ్యాటరీ వేడికి త్వరగా పాడవుతుంది. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే వాడటం ఆపేయండి.

"రేడియేషన్ ఏమైనా ఉంటుందా?" అని కొందరు భయపడతారు. కీబోర్డు వెదజల్లే శక్తి సెల్‌ఫోన్ కంటే చాలా తక్కువ. గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు మాత్రం ఇలాంటి పరికరాలను ఛాతీ మీద ఆనించుకోకుండా, కనీసం జానెడు దూరంలో ఉంచుకుని వాడాలి. సందేహం ఉంటే మీ డాక్టరును అడగండి.

మార్చుకునే వీలు - అసలు ఉపయోగం ఇక్కడే

మార్చుకునే కీబోర్డులో మూడు మార్పులు చేయవచ్చు. మొదటిది, స్విచ్. హాట్ స్వాప్ అనే రకంలో స్విచ్‌లను చిన్న పట్టకారుతో లాగి వేరేవి గుచ్చవచ్చు. బలహీనమైన చిటికెనవేలి కింద తేలిక స్విచ్, బలమైన వేళ్ల కింద గట్టి స్విచ్ పెట్టుకోవచ్చు. ఒక్క కీ పాడైతే ఆ స్విచ్ ఒక్కటే మార్చితే చాలు, మొత్తం పారేయనవసరం లేదు.

రెండవది, కీ మీది మూత. అక్షరాలు పెద్దగా ఉన్నవి, చేతికి జారనివి పెట్టుకోవచ్చు.

మూడవది, ఏ కీ ఏ పని చేయాలో మార్చుకోవడం. తెలుగు టైపు చేసేవారికి ఇది నిజంగా మేలు చేస్తుంది. తెలుగు కోసం ప్రత్యేకమైన కీబోర్డు కొనవలసిన అవసరం లేదని ముందుగా తెలుసుకోండి. తెలుగు అక్షరం తయారయ్యేది కంప్యూటర్‌లోనే. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక విండోస్‌లో సిద్ధంగా ఉంటుంది, ఏ కీబోర్డుతోనైనా పనిచేస్తుంది.

ఈ అమరికలో అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. ఒత్తు రావాలంటే ప్రతిసారీ పొల్లు కీ నొక్కాలి. ఉదాహరణకు "రాష్ట్రం" అనే మాటకు ఎనిమిది కీలు, ఒకసారి షిఫ్ట్ పడతాయి. ఖ, ఘ, ధ, భ వంటి మహాప్రాణాలకే కాదు, తరచుగా వచ్చే ణ, ళ, శ, ష లకూ షిఫ్ట్ కావాలి. అంటే తెలుగు టైపు చేసేవారి చిటికెనవేళ్లు రోజంతా చాచి నొక్కుతూనే ఉంటాయి. చిటికెనవేలు అన్నిటికంటే బలహీనమైనది, బొటనవేలు బలమైనది. మార్చుకునే కీబోర్డులో స్పేస్ బార్ పక్కనున్న కీని షిఫ్ట్‌గా పెట్టుకుంటే ఆ పని బొటనవేలు చేస్తుంది. షిఫ్ట్‌ను ఒకసారి తట్టి వదిలినా తర్వాతి అక్షరానికి పనిచేసేలా కూడా అమర్చుకోవచ్చు. ఒక చెయ్యే పనిచేసేవారికి ఇది పెద్ద ఊరట.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని కీబోర్డుల మార్పులు కంప్యూటర్‌లో వేసిన సాఫ్ట్‌వేర్ ఉన్నంతవరకే పనిచేస్తాయి. ఆఫీసు కంప్యూటర్‌లో అలాంటివి వేయనివ్వరు. మార్పులను తనలోనే దాచుకునే కీబోర్డు కావాలని అడగండి. క్యూఎంకే, వయా అనే ఉచిత పద్ధతులతో పనిచేసేవి ఇలాంటివే.

పైసా ఖర్చు లేకుండా ముందు ప్రయత్నించవలసిందీ ఉంది. విండోస్‌లో షిఫ్ట్‌ను ఐదుసార్లు వరుసగా నొక్కితే స్టిక్కీ కీస్ అనే సౌకర్యం తెరుచుకుంటుంది. దానితో షిఫ్ట్‌ను పట్టుకోనవసరం లేకుండా ఒకదాని తర్వాత ఒకటి నొక్కవచ్చు. కుడివైపు షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు పట్టుకుంటే వచ్చే ఫిల్టర్ కీస్, వణికే చేతులతో పడే అదనపు అక్షరాలను వదిలేస్తుంది. వీటితోనే మీ కష్టం తీరితే కొత్తది కొనకండి.

దుమ్ము, శుభ్రత

మన గాలిలో దుమ్ము ఎక్కువ. మెకానికల్ కీబోర్డు మూతలు ఊడివస్తాయి కాబట్టి శుభ్రం చేయడం సులువు. నెలకోసారి మూతలు తీసి గోరువెచ్చని సబ్బునీటిలో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. కీబోర్డును మాత్రం నీటిలో ముంచకూడదు, మెత్తటి బ్రష్‌తో దులపాలి. పని అయ్యాక ఒక గుడ్డ కప్పండి. పలువురు వాడే కీబోర్డును ఆఫ్ చేసి, స్పిరిట్ అద్దిన గుడ్డతో పైపైన తుడవండి. తినే ముందు చేతులు కడుక్కోండి. జలుబు, విరేచనాల క్రిములు చేతుల నుంచి కీబోర్డుకు, కీబోర్డు నుంచి మళ్లీ చేతులకు చేరతాయి.

కొనేముందు అడగవలసిన ప్రశ్నలు

1. నా పనిలో అక్షరాలు ఎక్కువా, అంకెలు ఎక్కువా?
2. నా వేళ్లకు తేలిక స్విచ్ కావాలా, తగిలినట్టు తెలిసే స్విచ్ కావాలా? పదిహేను నిమిషాలు కొట్టి చూశానా?
3. కీబోర్డు ఎత్తుకు మణికట్టు వంగకుండా ఉందా?
4. వైరుతో కూడా పనిచేస్తుందా?
5. స్విచ్‌లు ఊడివస్తాయా? విడిగా దొరుకుతాయా?
6. మార్పులు కీబోర్డులోనే నిలుస్తాయా?
7. వారంటీ ఎంత? నచ్చకపోతే వెనక్కు తీసుకుంటారా?

ఖర్చు మాట

మామూలు కీబోర్డు కొన్ని వందల రూపాయలకే వస్తుంది. వైర్‌లెస్ మెకానికల్‌వి వేలల్లో ఉంటాయి, కొన్ని పది వేలు కూడా దాటతాయి. రోజుకు గంట మాత్రమే టైపు చేసే విద్యార్థికి, చేతి నొప్పి లేనివారికి అప్పు చేసి ఇది కొనవలసిన పనిలేదు. అదే డబ్బులో కొంత పెట్టి సరైన ఎత్తున్న కుర్చీ, కాళ్ల కింద పీట సమకూర్చుకుంటే ఎక్కువ మేలు. రోజుకు ఐదారు గంటలు టైపింగే జీవనాధారమైనవారు, చేతిలో బలం తగ్గినవారు, ఒక చేత్తో పనిచేసేవారు - వీరి విషయంలో ఇది విలాసం కాదు, పనిముట్టు. కొడవలికి పదును పెట్టించుకున్నట్టే.

ఏది కొన్నా అరగంటకోసారి చేతులు దించండి. పిడికిలి బిగించి వదలండి, భుజాలు తిప్పండి, లేచి నాలుగడుగులు వేసి నీళ్లు తాగండి. రెండు వారాలు ఇలా చేసినా, కీబోర్డు మార్చినా తిమ్మిరి తగ్గకపోతే మరో కీబోర్డు కోసం వెతకకుండా డాక్టరుకు చెయ్యి చూపించండి.